కోసి చూసిన అతుకు

జనవరి 27

పిల్లలు పోటీకి కడుతున్న కారు ఫ్రేము పూర్తయింది. నేను లేనప్పుడు పూర్తయింది.

మూడో పీరియడ్‌కి వెళ్తూ మార్కండేయకు చెప్పాను, ముందు హూప్‌కి కలిసే కింది గొట్టం ఒక్కటి మాత్రం అతికించకు, నేను వచ్చి చూశాక చేద్దువుగాని అని. స్టీరింగు మీదుగా కమానులా వంచిన గొట్టం హూప్. దాని కాలి దగ్గర నుంచి డ్రైవరు మోకాళ్ళ పక్కగా వెళ్తుంది ఈ కింది గొట్టం. పక్కనుంచి ఏది వచ్చి గుద్దినా మొదటి దెబ్బ దానికే. క్లాసు చెప్పి షెడ్‌కి వచ్చేసరికి అతుకు చల్లారిపోయి ఉంది. వేలు పెడితే వేడి కూడా తగల్లేదు.

"చివర సరిగ్గా కోశావా? హూప్ ఒంపులో కూర్చుందా, సందు మిగిలిందా?" అని అడిగాను.

"సరిపోతాది మేడం," అన్నాడు, గ్లవుజులు తీస్తూ.

ఈ మాట నా షెడ్‌లో వినపడకూడదని ఎన్నిసార్లు చెప్పాను. డిసెంబరులో బ్రేకు పెడల్ రంధ్రాలు కలవకపోతే ఆకురాయితో అరగదీసి, అప్పుడూ "సరిపోతాదిలే మేడం" అన్నాడు. మళ్ళీ చేయించాల్సి వచ్చింది. పెళ్ళివంటలో సాంబారు గురించి అనాల్సిన మాట అది. కారు గురించి కాదు.

సందు ఉంటే ఏమవుతుందో వాడికి తెలియనిది కాదు. కరిగిన లోహం సందును కప్పేస్తుంది. పైకి నున్నగా, ముచ్చటగా ఉంటుంది. లోపల పట్టు ఉండదు. బయటినుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ముచ్చటగానే ఉంది.

జనవరి 30

వంశీకృష్ణ పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు కట్టించుకొచ్చాడు. షెడ్‌లో వాళ్ళు నలుగురు. పొట్లాలు ఐదు. లెక్కపెట్టానని రాయడానికి సిగ్గుగా ఉంది గానీ లెక్కపెట్టాను.

కారు పక్కనే నేలమీద కూర్చుని తిన్నాం. వంశీ కొలతలకు కట్టిన కారు ఇది. వాడు తప్ప ఇంకెవరు దిగినా మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకుంటాయి. అందుకని కెప్టెన్ చాందిని వాడి తిండిమీద కాపలా కాస్తోంది.

"ఇంగో బజ్జీ ముట్టినావంటే వేరే డ్రైవర్ని ఎతుక్కుంటా."

"ఎతుక్కోమ్మా. ఇట్లాంటి నడుము కాలేజీలో ఇంగొకటి ఉంటే నేనే పెండ్లి చేసుకుంటా."

ఐశ్వర్యకు నవ్వి నవ్వి పొలమారింది. మామూలుగా ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తదు. చక్రాలు ఫ్రేముకు ఎక్కడ బిగించాలో, ఎంత ఊగాలో ఆ లెక్కలన్నీ తనవే. మార్కండేయ మాత్రం పొట్లం చేత్తో పట్టుకుని ఫ్రేము చుట్టూ తిరుగుతూ తన అతుకులు తనే చూసుకుంటున్నాడు, కొత్త చెప్పులు వేసుకున్నవాడు నడుస్తూ కాళ్ళకేసి చూసుకున్నట్టు. వాడికి మూడు సబ్జెక్టులు మిగిలిపోయాయి. దాని గురించి చీకూచింతా లేదు.

నేను తింటున్నంతసేపూ ఆ కింది గొట్టాన్నే చూశాను.

ఫిబ్రవరి 1

ఆదివారం. బెంగళూరు నుంచి సుదర్శన్ రాలేదు. పని ఉంటుంది.

ఫిబ్రవరి 4

నాగేశ్వరయ్య గారు పిలిచారు. హెచ్‌ఓడీ గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఆయన కాగితాల కట్టతో విసురుకుంటున్నారు.

"ఈ నలుగురూ పోయినాక కిందోళ్ళలో దీనిమీద ఎవరికీ ధ్యాస లేదు మేడం. అడిగి చూసినా. అందరికీ కంప్యూటరే కావల్ల. మార్చిలో పోటీ అయిపోతానే షెడ్డు ఖాళీ చేద్దాము. పాత బెంచీలు ఎండకు ఎండుతాండాయి."

సరేనన్నాను. అందులో అనుకోవడానికేముంది. నాకూ సాయంత్రాలు కాస్త తీరిక దొరుకుతుంది. మద్రాసు ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చినప్పుడు చదవాలని తెచ్చుకున్న పుస్తకాలు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. ఇంట్లో ఫ్యాను శబ్దం తప్ప ఏమీ ఉండదు. చదువుకోవడానికి అంతకన్నా ఏం కావాలి.

అక్కణ్ణుంచి నేరుగా షెడ్‌కి వెళ్ళాను. ఆ అతుకు దగ్గర కూర్చుని మళ్ళీ చూశాను. ఎడమవైపు రంగు కొంచెం తేడాగా ఉన్నట్టుంది. వెలుతురు వల్ల కావచ్చు.

ఫిబ్రవరి 6

ఐశ్వర్య చేత ఎర్ర ద్రవం పరీక్ష చేయించాను. అతుకుమీద ఎర్ర ద్రవం పూసి తుడిచేసి తెల్లపొడి చల్లితే, పగులుంటే ఎర్రగీత పైకి తేలుతుంది.

"ఏం లేదు మేడం. క్లీన్."

మళ్ళీ చేయమన్నాను.

"మళ్ళా క్లీనే మేడం."

ఇది పైపగుళ్ళను పట్టే పరీక్ష. లోపలి సందును పట్టదు. ఆ మాట ఐశ్వర్యతో అంటే, "లోపల జూడల్లంటే కోయల్ల గదా మేడం," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 9

నడిచింది.

హాస్టళ్ళ వెనక తారురోడ్డు మీద. చాందిని గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. ఇంజను మొదట దగ్గింది, తర్వాత అరిచింది, గుట్టలమీద గాలిమరలు కూడా అటు తిరిగాయేమో అనిపించింది. వంశీ నేలకు జానెడు ఎత్తులో కూర్చుని దుమ్ము లేపుకుంటూ నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎట్ల ఉండాది చెప్పురా," అన్నాడు మార్కండేయ.

"మా నాయన ఎద్దులబండి నేర్పిచ్చేటప్పుడు చెప్పినాడు, అది యాడికి పోవల్లనుకుంటాదో ముందు కనుక్కో అని. దీనికి యాడికి పోవల్లనో దానికే తెలుసప్పా."

అందరూ కారెక్కి, కారుమీద వాలి, కారు కింద పడుకుని ఫొటో దిగారు. నేనే తీశాను.

కారు నేను సరేనంటేనే పోటీకి కోయంబత్తూరు వెళ్తుంది. ఫ్రేము భద్రమని టీములో టీచరు మాట ఇవ్వాలి. నా మాట.

ఫిబ్రవరి 11

ఫొటో గ్రూపులో పెట్టారు. బాగుంది. అందరూ ఉన్నారు.

ఫిబ్రవరి 15

శివరాత్రి. కింద ఇంటావిడ పద్మావతమ్మ గారు పొద్దున్నే గుడికి వెళ్ళొచ్చి, దుకాణం తెరుస్తూ అడిగారు.

"మీ ఇంటాయన ఈ పండగకూ రాలేదా?"

"పని ఉందమ్మా."

"పనికేమమ్మా, అది యాడికీ పోదు. మనుషులే పోయేది. గుత్తిలో పుట్టిన పిల్లవు, నీ మాట చూస్తే పేపరు చదివినట్ల ఉంటాది. పుల్లిరిచినట్ల ఒక మాట అడగల్ల ఆయన్ని."

బెంగళూరులో ఆయన ఉద్యోగం, ఇక్కడ నాది. ఇద్దరం కూర్చుని అనుకున్న ఏర్పాటే ఇది. ప్రస్తుతానికి అనుకున్నాం. నాలుగేళ్ళయినా ప్రస్తుతమే.

పని ఉంటుంది.

ఫిబ్రవరి 17

ఈ రోజు చెప్పేశాను. కింది గొట్టం అతుకు కోసి తీసేసి, కొత్త గొట్టం వేయాలి అని.

గ్రైండర్ ఆగిపోయింది.

"పోటీకి ఇంగ మూడు వారాలు మేడం," అంది చాందిని. "నడిపి నడిపి చూసుకునే టైం ఇది. కోసేకి గాదు. మళ్ళా అతికితే వేడికి ఫ్రేము గుంజుకుంటాది."

"తెలుసు."

"కూర్చునేది నేను గదా మేడం," అన్నాడు వంశీ. "నాకే భయం లేకపాయె."

"నీకు లేదు కాబట్టే నాకు ఉండాలి."

మార్కండేయ గ్లవుజుల్లోని దుమ్ము దులుపుతున్నాడు, పోయినా కూడా.

చాందిని నా ఎదురుగా వచ్చి నిలబడింది. నాకన్నా పొట్టి పిల్ల. తలెత్తి చూస్తే మాత్రం ఎవరికైనా ఒక మెట్టు దిగాలనిపిస్తుంది.

"ఒక మాట మేడం. మీకు కనపడిందా, అనిపించిందా?"

"కనపడింది," అన్నాను.

"ఏం కనపడింది?"

"ఎడమవైపు. రంగు తేడా. అక్కడ లోహం లోపలికి దిగలేదు."

"అట్లయితే కోద్దాం," అంది, అటు తిరిగిపోతూ. "మేడం కంటికి కనపడినాక ఇంగేముంది."

అబద్ధం కాదు. ఇరవయ్యేళ్ళుగా లోహం చూస్తున్నదాన్ని. అంత గట్టిగా అనిపించిందంటే కన్ను ఎక్కడో చూసే ఉంటుంది. వంశీ తల్లికి నేను జవాబు చెప్పాలి. ఇందులో నాకు వేరే ఉద్దేశం ఏముంటుంది.

వేరే ఉద్దేశం ఏముంటుంది.

ఫిబ్రవరి 18

మార్కండేయే కోశాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. "నేను పెట్టిన అతుకు, నేనే కోస్తా," అన్నాడు. ఆ ముక్కను బయటికి తీసి, నిలువునా చీల్చి, అరగదీసి, గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

రెండు గొట్టాలు ఎక్కడ కలిశాయో తెలియలేదు. ఒకే లోహంలా ఉంది. లోపలి అంచు చుట్టూ సన్నటి గట్టు, ఎక్కడా తెగకుండా. సందు లేదు. ఎడమవైపూ లేదు, కుడివైపూ లేదు. గొట్టాన్ని హూప్ ఒంపుకు ఎంత కచ్చితంగా కోశాడంటే, కరిగించకముందే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

ఎవరైనా ఏదైనా అంటే బాగుండు అనిపించింది.

"సరిపోతాదని చెప్తి గదా మేడం," అన్నాడు మార్కండేయ, మెల్లగా.

"పెడల్ రంధ్రాలప్పుడూ నువ్వు అదే అన్నావు." ముక్కను చేతిలో తిప్పాను.

"అదే అనలే మేడం," అన్నాడు వంశీ. "అప్పుడు సరిపోతాది 'లే' అనె. లే ఉంటే, ఇంగ అంతే గతి అని. లే లేకుంటే సరిపోయిందనే. వీడు మగ్గాల ఇంట్లో పుట్టినోడు, ఆ మాట ఊరికే అనడు."

"పాత పోగుకు కొత్త పోగు అతుకుతారు మేడం మా ఇంట్లో," అన్నాడు మార్కండేయ. "సరిపోతాది అనినారంటే ఇంగ చెయ్యి తీసేయొచ్చని."

లే. నేను పుట్టి పెరిగిన మాట. గుత్తిలోనైనా మద్రాసులోనైనా, ఏ తెలుగు ఇంట్లోనైనా చంటిపిల్లకు కూడా తెలిసే తేడా. ఆ రోజు వాడు ఏమన్నాడో నా చెవులకు వినిపించే ఉంటుంది. నేను లేకుండా అతికించేశాడన్నది ఒక్కటే విన్నాను.

ముక్క బల్లమీద పెట్టి క్లాసుందని వచ్చేశాను. క్లాసు లేదు.

ఫిబ్రవరి 19

షెడ్‌కి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను. కోయంబత్తూరుకు కాలేజీ తరపున కొత్త లెక్చరరు వెంకటరాముడి పేరు ఇచ్చేశాను. ఆయనకు ఎప్పటినుంచో వెళ్ళాలని ఉంది.

ఫిబ్రవరి 22

సుదర్శన్ ఫోన్ చేశాడు. ఇల్లు మారుతున్నాడట. ఆఫీసుకు దగ్గరగా, ఒక్క పడకగది ఇల్లు.

"చిన్నది కదా," అన్నాను.

"నాకొక్కడికీ సరిపోతుందిలే," అన్నాడు.

నాకొక్కడికీ అన్నాడు. లే కూడా అన్నాడు.

ఫిబ్రవరి 24

కోసిన చోట ఇంకా ఖాళీగానే ఉంది. పన్ను పీకిన నోరులా.

మార్కండేయ రావడం లేదు. హాస్టల్లో లేడు, ధర్మవరం ఇంటికి వెళ్ళిపోయాడు. చాందిని టౌన్లో ఇద్దరు వెల్డర్లను పిలిపించింది. గేట్లూ కిటికీ ఊచలూ అతికే చేతులు వాళ్ళవి. ఇంత పలచటి గొట్టం చూసి, కాలి రంధ్రం పడుతుందని వాళ్ళే వెనక్కి తగ్గారు.

"వాడెందుకు రాడు?" అని అడిగాను.

చాందిని బల్లమీద సామాను సర్దుతోంది. తలెత్తలేదు.

"మీకు కనపడిందంటిరి గదా మేడం. కోస్తే ఏం ల్యా. వాడు ఏమంటాండాడంటే, మేడంకు కనపడిందంటే ఏదో ఉండే ఉంటాది, కోసేటప్పుడు పోయింటాది. ఆయమ్మకు కనపడింది నా కంటికి కనపడలే. మిగతా అతుకుల్లో నాకు కనపడంది ఇంగెంత ఉండాదో, వంశీగాణ్ణి దాంట్లో కూర్చోబెట్టి నేను నిద్రపోలేను అని."

"అన్నీ బాగానే ఉన్నాయని చెప్పు."

"నేను చెప్తే ఎట్ల నమ్ముతాడు మేడం? వాడు నమ్మేది మీ కండ్లని."

నేను తప్పు పట్టానని వాడు అలిగాడనుకున్నాను. అది కాదు. వాడు నన్ను నమ్మాడు.

ఈ అతుకు పడకపోతే కారు వెళ్ళదు. ఇంకో మనిషి లేడు.

ఫిబ్రవరి 25

రాయకుండా తప్పించుకుంటున్నదాన్ని రాయాలి. నాకు ఏమీ కనపడలేదు. ఆ రంగు తేడా వెలుతురు వల్ల కావచ్చని నాలుగో తేదీనే రాసుకున్నాను.

పోటీ అయిపోతే షెడ్‌లో బెంచీలు పెడతారు.

ఫిబ్రవరి 26

ధర్మవరం బస్సులో కిటికీ పక్కన సీటు. రెండువైపులా ఎర్రమట్టి, కోతకొచ్చి కూడా ఎదగని కంది. ఏం చెప్పాలో బస్సులో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగింట్లోనూ నేను కాస్త మంచిదాన్నే.

మార్కండేయ ఇంట్లో ముందుగదంతా మగ్గమే. వాళ్ళ నాయన గంగాధరప్ప గారు నడుము దాకా మగ్గం గుంతలో ఉన్నారు. "కాళ్ళు గుంతలో ఉండాయి, లేసేకి కాదు, ఏమనుకోవద్దమ్మా," అన్నారు. తల్లి ఆంజినమ్మ గారు మజ్జిగ తెచ్చారు.

"మావోడు ఏం చేసినాడు మేడం?"

"ఏమీ చేయలేదమ్మా."

"ఏం చేయకపోతే మేడమ్ములు ఇంటికి రారు గదా. ఎన్నోది పోయింది? నాలుగోదా?"

మగ్గం వెనక నుంచి మార్కండేయ వచ్చాడు. నన్ను చూసి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. వీధిలోకి నడిచాం. ఇంటింటా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో మాట వినిపించాలంటే కాస్త గట్టిగా చెప్పాలి. మెల్లగా చెప్పి తప్పించుకునే వీలు లేదు.

"నాకు ఆ అతుకులో ఏమీ కనపడలేదు," అన్నాను. "కనపడిందని అబద్ధం చెప్పాను. నీ చేతిలో తప్పు లేదు. మిగతా ఏ అతుకులోనూ నాకేమీ కనపడలేదు."

వాడు ఆగిపోయాడు.

"మరి ఎందుకు కోయిస్తిరి?"

బస్సులో అనుకున్న నాలుగూ నోటిదాకా వచ్చాయి. బాధ్యత, భద్రత, అనుభవం, ఇంకోటేదో.

"కారు వెళ్ళిపోతే మీరు కూడా వెళ్ళిపోతారు. షెడ్ తీసేస్తారు. సాయంత్రం పూట నాకు వెళ్ళడానికి చోటు ఉండదు. అప్పుడు అలా అనుకోలేదు. కానీ అదే."

మార్కండేయ చాలాసేపు నాకేసి చూశాడు. వాడి మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. లెక్క తప్పిన చోటు కోసం వెతుకుతున్నవాడిలా ఉన్నాడు.

"ఆ మాట చెప్పింటే సరిపోయె గదా మేడం," అన్నాడు. "ఇంగో నాల్గు దినాలు ఊరికేనే షెడ్డులో కూర్చొనింటిమి. దానికి గొట్టం కోయల్లనా?"

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చి ఉంటుంది, వాడు అటు తిరిగి ఎదురింటి గోడ చూశాడు.

"రేపు వస్తా. చాందినికి మీరే చెప్పల్ల. నాకంటే ఆయమ్మే ఎక్కువ ఏడ్సింది. ఎవరికీ కనపడకుండా."

ఫిబ్రవరి 27

చాందినికి చెప్పాను. వంశీ, ఐశ్వర్య కూడా ఉన్నారు. వంశీ "పోనీలే మేడం" అన్నాడు. ఐశ్వర్య తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

చాందిని అంది: "తప్పు చూసింటే నాకు కోపం ల్యా మేడం. అనిపించిందని చెప్పినా, సరే మేడంకు అట్ల అనిపించిందంట అని కోసింటాము. చూడకుండా చూసినానంటిరి."

అని, మళ్ళీ పనిలోకి వెళ్ళింది. కాసేపటికి వెనక్కి తిరగకుండానే, "రేపు మూడో పీరియడ్ అప్పుడు అతుకుతాడు మేడం. మీరు క్లాసుకు పోండి," అంది.

ఫిబ్రవరి 28

మూడో పీరియడ్ క్లాసుకు వెళ్ళాను. ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మార్చి 3

వేడికి ఫ్రేము గుంజుకుంది, చాందిని చెప్పినట్టే. ఎడమ ముందు చక్రం పట్టు కొంచెం పక్కకు జరిగింది. స్టీరింగు వదిలేస్తే కారు కుడికి లాగుతోంది. నా వల్ల. ఐశ్వర్య రెండు రోజులు లెక్కలు వేసి పలచటి రేకులు పెట్టి సర్దింది. నేను రేకులు కత్తిరించి ఇచ్చాను. నన్ను అడగలేదు, వద్దనీ అనలేదు.

"ఇప్పుడెట్ల ఉండాది?" అని వంశీని అడిగింది చాందిని.

"తాగి ఇంటికొచ్చే మా మామ మాదిరి ఉన్నె పొద్దున. ఇప్పుడు తాగలేదని మా అత్తకు చూపిచ్చేకి నడుస్తాండే మామ మాదిరి ఉండాది. నేరుగా."

నవ్వులు. నాకు కొంచెం దూరంగా, నాకు వినిపించేంత దగ్గరగా.

మార్చి 6

ఫ్రేము భద్రమని నా మాట పంపాను. పంపేముందు ప్రతి అతుకూ చూశాను. కనపడినదాన్నే చెప్పాను. అంతకన్నా ఎక్కువ ఏమీ చెప్పలేదు.

వ్యానులో సామాను సర్దుతున్న చాందిని నా దగ్గరికి వచ్చింది.

"మీరూ వస్తారా మేడం? వెంకటరాముడు సారుకు ముందు సీటు ఉండాది. వెనక మీకు చోటు కావల్లంటే టైర్లు రెండు దించల్ల."

వాన టైర్లు. మార్చిలో కోయంబత్తూరులో వాన పడుతుందో లేదో ఎవరికి తెలుసు.

"టైర్లు ఉండనీ," అన్నాను.

ఒక క్షణం నిలబడింది. "సరే మేడం" అంది.

నాది పెద్దమనసా, అలకా? రమ్మని ఇంకోసారి అంటుందని ఆగానా? ఏమో. అనిపించేవాటిని ఇక నమ్మను. టైర్లు కావాలి, అది మాత్రం నిజం.

మార్చి 8

పొద్దున్నే వెళ్ళారు. సోమందేపల్లె దాటాక వంశీ ఫోన్ చేసి, హైవే పక్కన టీ బాగుందని చెప్పాడు. ఆ ఒక్క మాటే.

సాయంత్రం అలవాటుగా షెడ్‌కి వెళ్ళాను. కారు నిలబడిన చోట నేలమీద నూనె మరక. బయట బెంచీలు అప్పుడే వరసగా పెట్టి ఉన్నాయి.

మార్చి 10

సుదర్శన్‌కి నేనే ఫోన్ చేశాను. "నువ్వు ఇక రావు కదా," అన్నాను.

"నీకలా అనిపిస్తోందా?"

"లేదు. కనపడుతోంది."

ఆయన అవునన్నాడు. ఇద్దరం ఒకరి ఆరోగ్యం ఒకరం అడిగాం.

పద్మావతమ్మ గారు పెట్టిన సంగటి తిన్నాను. రెండు ముద్దలు.

మార్చి 11

గ్రూపులో చాందిని: "ఫ్రేము పాస్. బ్రేకు పాస్. నాల్గు చక్రాలూ ఒకేసారి పట్టేసినాయి."

కింద మార్కండేయ ఏమీ రాయలేదు. ఒక చెయ్యి బొమ్మ పెట్టాడు.

మార్చి 13

మధ్యాహ్నం అందరికన్నా ముందు వంశీ ఫోన్.

"చెయిన్ తెగె మేడం. పోటీ సగం దాటినాక. తోసుకుంటా బయటికి వస్తిమి."

"నువ్వెలా ఉన్నావు?"

"నాకేం మేడం. మధ్యలో ఒకడు నా పక్కకొచ్చి తగిల్నాడు, ఆ కింది గొట్టం కాడనే. రంగు గీసుకుపోయింది, అంతే. మార్కండేయ ఆడ్నే కూర్చోని చూస్తాండాడు. లేయమంటే లేయడు."

ఫోన్ చెవికి ఇంకాస్త ఆనించుకున్నాను. వెనక ఇంజన్ల రొద. ఎవరో మైకులో హిందీలో ఏదో చెప్తున్నారు. ఐశ్వర్య ఎవరినో కేకేస్తోంది. ఫోన్ పెట్టేస్తాడేమో అనుకున్నాను. పెట్టలేదు.

"ఇంగో మాట మేడం. కారు తోసుకుంటా వచ్చేటప్పుడు మన గుడారం కాడ ఒకామె నిలబడినాది. వేరే ఏదో కాలేజీ మేడం. ఎనక నుంచి అచ్చం మీ మాదిరే ఉండె. మేము నలుగురమూ ఒక్కసారే మేడం అని పిలిస్తిమి. చాందినే ముందు పిలిచింది."

"ఆమె ఏమంది?"

"ఏం అనలే. తిరిగి చూసె. మేము తప్పుగా పిలిచినామని ఆమెకు తెలిసిపాయె. అయినా వచ్చి ఒక చెయ్యి ఏసి తోసింది మేడం, గుడారం దాకా."

ఆమె చీర ఏం రంగని అడగబోయి మానేశాను.